జడ్డిగంలో జారే గింజ

మాదాపూర్ శిల్పారామంలో పల్లె మ్యూజియం చూపిద్దామని అమ్మను తీసుకెళ్ళాను. పూరిళ్ళూ, వాటి దగ్గర మనిషెత్తు బొమ్మలూ చూస్తూ మెల్లగా నడుస్తోంది. సేద్యపు పనులు చేస్తున్న బొమ్మల ముందు చాలాసేపు నిలబడిపోయింది. చూస్తే ఆమె కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను. "జడ్డిగంలో పోస్తున్నా నాయనా" అంది, అదేదో ఎవరికైనా తెలిసిన సంగతన్నట్టు.

అమ్మది కర్నూలు జిల్లాలో మెట్ట పల్లె. పెళ్ళికి ముందూ తర్వాతా ఆమె విత్తనాలు వేసే గొర్రు వెనక నడిచింది. కుమ్మరి సారె, గానుగ, రాట్నం గురించి నలుగురూ చెప్పుకుంటారు గానీ, మన మెట్ట నేలకు ఇన్ని తరాలు తిండి పెట్టిన యంత్రం గొర్రు.

యంత్రమనే అంటున్నాను, అతిశయోక్తి కాదు. అడ్డంగా ఒక బరువైన తుమ్మ దుంగ. దానికి కిందివైపు దిగ్గొట్టిన మూడు పళ్ళు. ప్రతి పంటికీ వెనక వైపు ఒక వెదురు గొట్టం. మూడు గొట్టాల పైకొసలూ నడుము ఎత్తున ఒకచోట కలుస్తాయి. అక్కడ కూర్చునే కొయ్యగిన్నే జడ్డిగం. దాని అడుగున గొట్టానికొకటి చొప్పున కన్నాలుంటాయి, నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పైనుంచి పడిన గింజ ఆ ఉబ్బు మీద నిలవలేక ఏదో ఒక కన్నంలోకి జారిపోతుంది. ఎద్దులు కాడి లాగుతుంటే పళ్ళు నేల చీలుస్తాయి, గింజ ఆ చీలికలో పదునున్న లోతుకు చేరుతుంది. వెనకే వచ్చే గుంటక మట్టి కప్పి అదుముతుంది. స్ప్రింగు లేదు, పళ్ళచక్రం లేదు. ఊరి వడ్రంగి చేస్తాడు, విరిగితే ఆ పూటకే బాగుచేస్తాడు.

మరి గింజలు కొలిచి వదిలేదెవరు? ఆ పని చేతిది. ఒడిలో విత్తనాలు కట్టుకుని గొర్రు వెంట నడిచే ఆడమనిషి చెయ్యి.

ఆ చెయ్యి ఎంత పని చేసిందో ఇంటికొచ్చాక లెక్కవేసి చూశాను. సాలుకూ సాలుకూ మధ్య 45 సెంటీమీటర్లు అనుకుంటే మూడు పళ్ళ గొర్రు ఒక్కసారికి 1.35 మీటర్ల వెడల్పు విత్తుతుంది. అంటే ఎకరం పూర్తయ్యేసరికి దాదాపు 3 కిలోమీటర్ల నడక. ఎకరానికి 4 కిలోల జొన్నలు, వెయ్యి గింజలు సుమారు 30 గ్రాములు అనుకోండి. మీటరు నడకకు మూడు సాళ్ళలో కలిపి 44 గింజలు పడాలి. ఎద్దుల నడకను బట్టి సెకనుకు దాదాపు 30 గింజలు వేళ్ళ సందుల్లోంచి జారుతూనే ఉండాలి. అదీ తెంపు లేకుండా, ఎత్తుపల్లాల దుక్కిలో నడుస్తూ, రోజంతా. ఎద్దులు మందగిస్తే చెయ్యీ మందగించాలి. నల్లరేగడి మట్టి గొట్టంలోకి ఎక్కి పూడుకుపోతే వెంటనే పసిగట్టాలి. లేకపోతే వారం తిరక్కుండా ఆ తప్పు ఊరంతటికీ కనబడుతుంది, మొలక లేని సాలు రూపంలో.

గొట్టంతో విత్తడం చాలా పాతది. మెసొపొటేమియా ముద్రల మీద నాగలికి అమర్చిన గరాటు, అందులో గింజలు పోస్తున్న మనిషి కనబడతారు. చైనాలో హాన్ వంశం నాటికే మూడు కాళ్ళ విత్తనపు గొర్రు ఉంది. మన దక్కనులో కన్నడిగులు దీన్ని కూరిగె అంటారు, మరాఠీలు తిఫన్ అంటారు. ఇంగ్లండులో మాత్రం ఆ ఘనత జెత్రో టల్‌ది. 1701 ప్రాంతంలో ఆయన విత్తే యంత్రం కట్టాడు. పశువుల మేత విత్తనాన్ని తాను చెప్పినట్టు సాళ్ళలో వెయ్యడానికి కూలీలు ఒప్పుకోకపోవడంతో, ఆ పనిని యంత్రం చేతే చేయించాలని పట్టుబట్టాడు. తాను వాయించిన ఆర్గన్ వాద్యంలోని గాడుల అమరికే ఆయనకు దారి చూపింది. చక్రంతో పాటు తిరిగే గాడుల దిమ్మ గింజలను కొలిచి వదులుతుంది. ఈనాటి ట్రాక్టరు సీడ్ డ్రిల్లులో తిరిగే గాడుల రోలరు ఆ ఆలోచనకు వారసురాలే. టల్ చేతిని తీసేసి చక్రాన్ని పెట్టాడు. మనవాళ్ళు చేతిని నమ్మారు.

1795లో థామస్ హాల్కాట్ అనే కెప్టెన్ దక్షిణ భారతంలో పొలాల మీదుగా గుర్రం మీద పోతూ గొర్రు పని చేస్తుండడం చూశాడు. అప్పటిదాకా అది ఐరోపా వాళ్ళు కొత్తగా కనిపెట్టిన వస్తువనుకున్న ఆ మనిషి, ఇక్కడ అనాదిగా వాడుకలో ఉందని తెలిసి ఆశ్చర్యపోయి ఉత్తరాలు రాశాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో తెచ్చిన పుస్తకంలో ఆ రాతలు మళ్ళీ వెలుగు చూశాయి. చదివినప్పుడు నాకు గర్వం కలిగింది, దాచను. ఆ వెంటనే బాధా కలిగింది. టల్ పేరు లోకానికి తెలుసు. జడ్డిగం అడుగున ఆ ఉబ్బు ఉంచాలని మొదట తోచిన వడ్రంగి పేరు ఎవరికీ తెలియదు.

సాలుగా విత్తడం వల్ల లాభం విత్తనం ఆదా ఒక్కటే కాదు. వరస ఉంటేనే మధ్యలో దంతె తోలి కలుపు తియ్యగలం, పైమట్టిని కదిపి లోపలి తేమ ఆవిరి కాకుండా ఆపగలం. వాన నమ్ముకున్న మెట్టలో పంట చేతికి రావడం, రాకపోవడం తరచూ ఆ తేమ మీదే ఆధారపడుతుంది. గొర్రు వెనక తాడుతో విడిగా ఇంకో గొట్టం కట్టి, జొన్న సాళ్ళ నడుమ కందులు జారవిడిచేవాళ్ళు కూడా.

పటాన్‌చెరులో 1972లో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడి కోసం ట్రోపికల్టర్ అనే ఎద్దుల చక్రాల పరికరాన్ని ప్రయత్నించి చూసింది. ఫ్రెంచివాడు జాన్ నోల్ రూపొందించిన పరికరమది. దున్నడం, విత్తడం, కలుపు తీయడం అన్నీ దాంతోనే. చక్కటి యంత్రం. కానీ ఆ కోవ పరికరాలు చాలా దేశాల్లో రైతుల ఇళ్ళకు చేరలేదని పాల్ స్టార్కీ 1988లో వివరంగా రాశాడు. ఖరీదు, బరువు ప్రధాన కారణాలు. గొర్రును చివరికి పక్కకు నెట్టింది ఆ పరికరం కాదు, ట్రాక్టరు.

1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరిచిన ఆర్టూర్ హజేలియుస్ పాత ఇళ్ళను విప్పి తెచ్చి నిలబెట్టడంతో ఆగలేదు. వాటి మధ్య పశువుల్నీ, సంప్రదాయ దుస్తుల్లో మనుషుల్నీ ఉంచాడు. ఆయన ఎందుకలా చేశాడో ఆరోజు అమ్మ చెయ్యి చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. కొయ్యను దాచవచ్చు. సెకనుకు ముప్పయి గింజల లెక్క తెలిసిన వేళ్ళు ఆ కొయ్యకు తోడుండాలి. మన పల్లెల్లో గొర్రు వెనక నడిచిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను అడిగి, చేయించి, వీడియో తీసి పెట్టుకోవడానికి ఇప్పుడు వ్యవధి ఉంది, ఇంకో పదిహేనేళ్ళకు ఉండదు.

బయటికొచ్చాక చెట్టు కింద కూర్చున్నాం. "ఎలా పోస్తారో చూపించమ్మా" అన్నాను. వంగి గుప్పెడు ఇసుక తీసుకుంది. లేచి నాలుగడుగులు నడిచింది. పిడికిలి బిగించలేదు, తెరవలేదు. చిటికెనవేలు వైపు నుంచి సన్నటి ధార కట్టింది. వెనక్కి తిరిగి ఆ గీత వంక చూసి పెదవి విరిచింది.

"ఇసుక గదా, తొందరగా జారిపోతాంది. జొన్నలైతే వేళ్ళు ఇంకొంచెం వదలాల."