మెడిసిన్ మధ్యలో ఒక ఏడాది ఫిజియాలజీ

బ్రిటన్‌లో మెడిసిన్ మామూలుగా ఐదేళ్ళ చదువు. అక్కడ చేరిన మన పిల్లల్లో కొందరు రెండో ఏడాదో మూడో ఏడాదో గడిచాక ఇంటికి ఫోన్ చేసి, ఒక సంవత్సరం ఫిజియాలజీ చదివి మళ్ళీ మెడిసిన్‌లోకి వస్తామంటారు. ఇంట్లో ముందుగా పుట్టేది అనుమానమే. పరీక్ష పోయిందా? మెడిసిన్ మీద మనసు విరిగిందా? అయినా ఫిజియాలజీ ఫస్టియర్‌లోనే అయిపోయే సబ్జెక్టు కదా, మళ్ళీ చదవడానికి ఏముంటుంది?

మొదటి రెండు భయాలూ అక్కర్లేదు. దీన్ని అక్కడ ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ అంటారు. మెడిసిన్‌ను కాస్త పక్కన పెట్టి, ఏడాదిపాటు ఒకే సబ్జెక్టు చదివి, బీఎస్సీ పట్టా పుచ్చుకుని, ఆపిన చోట మళ్ళీ అందుకుంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్‌లోని ఇంపీరియల్, యూసీఎల్‌లలో స్కూలు చదువు ముగించి నేరుగా చేరినవాళ్ళకు ఇది తప్పనిసరి. అందుకే అక్కడ కోర్సే ఆరేళ్ళు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఇచ్చేది బీఏ. సైన్సు చదివితే బీఏ ఏమిటని అడక్కండి, వాళ్ళ ఆనవాయితీ అంతే. మిగతా కాలేజీల్లో చాలావరకు విద్యార్థి ఇష్టం.

మూడో ప్రశ్నకు మాత్రం తీరిగ్గా జవాబు చెప్పుకోవాలి. ఫస్టియర్‌లో గైటన్ ఫిజియాలజీ పుస్తకం ముందేసుకుని, గుండె కండరం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి అని ఒక వాక్యం చదువుతాం. పరీక్షలో రాస్తాం, మార్కులొస్తాయి. ఆ సంగతి ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అని అప్పుడు ఎవరూ అడగరు. ఈ అదనపు ఏడాదిలో అడిగేది అదే.

1880లలో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రిలో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు ఉండేవాడు. రోగులను చూస్తూనే, వీలు చిక్కినప్పుడల్లా ల్యాబ్‌కు వెళ్ళి కప్ప గుండెల మీద ప్రయోగాలు చేసేవాడు. విడిగా తీసిన గుండె ఏ ద్రవంలో ఉంచితే కొట్టుకుంటూ ఉంటుందన్నది ఆయన ప్రశ్న. ఉప్పు నీళ్ళలో బాగానే కొట్టుకుంటోందని 1882లో ప్రకటించాడు. తీరా చూస్తే ఆ ద్రవాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా లండన్ కుళాయి నీళ్ళతో కలిపారని బయటపడింది. డిస్టిల్డ్ వాటర్‌తో చేసి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్ళలో ఉన్న కాల్షియమే ఇన్నాళ్ళూ దాన్ని నడిపించింది. 1883లో రింగర్ ఇదంతా దాచకుండా రాసి ప్రచురించాడు.

మన ఊళ్ళో ఏ నర్సింగ్ హోమ్‌కు వెళ్ళినా స్టాండ్‌కు వేలాడే 'ఆర్ఎల్' (రింగర్స్ లాక్టేట్) సీసా పేరులో ఉన్నది ఈ రింగరే. లాక్టేట్‌ను 1930లలో అమెరికాలో హార్ట్‌మన్ చేర్చాడు. రక్తం ఎక్కించే గొట్టంలో ఆర్ఎల్ కలపకూడదని స్టాఫ్ నర్సు హెచ్చరించేదీ అందులోని కాల్షియం వల్లే: రక్తం గడ్డకట్టడానికీ కాల్షియం కావాలి, బ్లడ్ బ్యాగులో వేసే సిట్రేట్ పని దాన్ని పట్టి ఉంచడం. ఇక కాలి కండరం బయటి కాల్షియం లేకపోయినా కొంతసేపు పనిచేస్తుంది, గుండె చేయదు. ఎందుకని? గుండె కొట్టుకునే ప్రతిసారీ దాని కణంలోకి బయటి నుంచి కొంత కాల్షియం చొరబడాలి. అది లోపల నిలవ ఉన్న కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. కాల్షియం చొరబడే అలాంటి దారులు రక్తనాళాల గోడల్లోనూ ఉన్నాయి. బీపీకి మింగే ఆమ్లోడిపిన్ మాత్ర ముఖ్యంగా అక్కడి దారులనే మూస్తుంది. పుస్తకంలోని ఒక్క వాక్యం వెనక ఇంత ఉంది.

ఆ ఏడాదిలో లెక్చర్లు తక్కువ. పాఠ్యపుస్తకం దాదాపు పక్కకుపోతుంది. అసలు పరిశోధన పత్రాలు చదివి, ఈ గ్రాఫ్ నుంచి ఈ నిర్ధారణకు రావచ్చా అని చిన్న బృందాల్లో వాదించుకోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ప్రాజెక్టు ఒక ఎత్తు. ఎలుక గుండెను బృహద్ధమని దగ్గర సన్నని గొట్టానికి కట్టి, ఆక్సిజన్ పట్టించిన వెచ్చని ద్రవాన్ని వెనక్కి పంపిస్తే అది శరీరం బయట గంటలపాటు కొట్టుకుంటుంది. 1895లో లాంగెన్‌డార్ఫ్ కనిపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ ల్యాబుల్లో వాడుకలో ఉంది. గొట్టంలో చిన్న గాలిబుడగ చేరితే చాలు, గుండె రక్తనాళం మూసుకుపోయి ఆ పూట పని పోతుంది. చివరికి చేతికొచ్చేది 'తేడా ఏమీ కనబడలేదు' అనే ఫలితం కావచ్చు. దాన్ని కూడా లెక్కగట్టి, అంతే నిజాయితీగా డిసర్టేషన్‌గా రాయాలి. నన్నడిగితే డాక్టరు కాబోయేవాళ్ళకు ఆ ఏడాది మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది ఇదే. రేపు మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ రంగురంగుల గ్రాఫ్ తెచ్చి చూపిస్తే ఎక్కడ వేలు పెట్టాలో తెలుస్తుంది.

డాక్టరు కాబోతూ ఫిజియాలజీని ఇలా లోతుగా చదివినవాళ్ళకు ఒక ఉదాహరణ చూడండి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి చరిత్రకెక్కిన రోజర్ బానిస్టర్ అప్పటికి మెడికల్ విద్యార్థి. ఆస్పత్రి చదువుకు వెళ్ళకముందు ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజియాలజీ చదివాడు, పరిశోధనా చేశాడు. పీల్చే గాలిలో ఆక్సిజన్ పెంచితే ట్రెడ్‌మిల్ మీద మనిషి ఎంతసేపు ఓర్చుకోగలడో కొలిచేవాడు. ఆ ట్రెడ్‌మిల్ మీద తనూ పరుగెత్తేవాడు. తర్వాత న్యూరాలజిస్టుగా స్థిరపడ్డాడు.

ఇక ఖర్చు సంగతి. 2025-26లో ఇంగ్లండ్‌లో అక్కడి విద్యార్థులకు ఏడాది ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు. ఐదో ఏడాది నుంచి మెడికల్ విద్యార్థుల ఫీజును అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇచ్చే ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ భరిస్తుంది కాబట్టి అక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఫీజు భారం పెద్దగా పెరగదు. ఇంటి అద్దె, తిండి ఖర్చు మాత్రం తప్పవు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళినవాళ్ళ లెక్క వేరు. విదేశీ విద్యార్థుల ఫీజు దీనికి కొన్ని రెట్లు, బర్సరీ ఉండదు, వీసా గడువూ చూసుకోవాలి. పైగా జీతం ఒక ఏడాది ఆలస్యం.

ఒకప్పుడు దీనికి ఇంకో ఆకర్షణ ఉండేది. కొత్త డాక్టర్లు చేసే రెండేళ్ళ ఫౌండేషన్ శిక్షణకు స్థానాలు కేటాయించేటప్పుడు ఈ డిగ్రీకి అదనపు పాయింట్లు వచ్చేవి. వాటిని తీసేశారు. 2024 నుంచి కేటాయింపు విద్యార్థి ఎంచుకున్న ప్రాంతాలను, కంప్యూటర్ ఇచ్చే ర్యాంకును బట్టే. దీనివల్ల డిగ్రీ విలువ తగ్గిందని కొందరంటారు. పాయింట్ల కోసమే వచ్చేవాళ్ళు తగ్గితే మంచిదేనని నాకనిపిస్తుంది.

మన ఎంబీబీఎస్‌లో ఇలాంటి ఏడాది లేదు. ఫిజియాలజీ మొదటి ఏడాదితో ముగుస్తుంది, మళ్ళీ కావాలంటే ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్ళ ఎండీ. అయితే ఐసీఎంఆర్ 1979లో మొదలుపెట్టిన షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. విద్యార్థి తన కాలేజీ అధ్యాపకుల్లో ఒకరిని గైడ్‌గా పెట్టుకుని, ప్రతిపాదన పంపి, అది ఎంపికైతే రెండు నెలలు పరిశోధన చేసి నివేదిక ఇవ్వాలి. స్టైపెండ్ కూడా ఇస్తారు. ఆసక్తి ఉన్నవాళ్ళు ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ముందే ఫిజియాలజీ డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి గైడ్‌తో మాట్లాడుకోవడం మేలు, ఎందుకంటే ప్రతిపాదన రాయడానికే చాలా రోజులు పడుతుంది.