పనిని పంచుకొన్న కంప్యూటరు: అమీగా

బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుతురు. దాని తీగను మీటినపుడు గాలి కంపించును. ఆ కంపనమే నాదము. కంపనపు ఎత్తును క్షణక్షణము కొలిచి అంకెలుగా నిలువచేసినచో, వానినుండి నాదమును మరల పుట్టింపవచ్చును. రంగుల చిత్రమును గూడ ఇట్లే అంకెలుగా మార్చవచ్చును. ఇంటిలో వాడు చిన్న కంప్యూటరుకు ఈ రెండు పనులును ఒక్కమారే చేయుట ఎట్లు సాధ్యమైనది?

1985 జులై 23న న్యూయార్కులో కమొడోర్ సంస్థ ‘అమీగా’ను ప్రదర్శించెను. దాని వెల 1,295 డాలర్లు. అందు మోటరోలా 68000 ప్రాసెసరు, 256 కిలోబైట్ల మెమరీ ఉండెను.

మొదట చిత్రమును చూతము. తెరపై అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలున్నచో మొత్తము 64,000. చుక్కకు 5 బిట్లు కేటాయించినచో, 2ను అయిదుమార్లు వేసి గుణింపగా వచ్చు 32 రంగులు లభించును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటికిని 16 మెట్ల చొప్పున ఉండుటచే, ఈ 32 రంగులను 16 × 16 × 16 = 4,096 రంగులనుండి ఏరుకొనవచ్చును. ఒక చిత్రమునకు 3,20,000 బిట్లు, అనగా 40,000 బైట్లు కావలెను. తెరను సెకండుకు 60 మార్లు గీయవలెను గనుక, సెకండుకు 24 లక్షల బైట్లు చదువవలెను.

ప్రాసెసరు గడియారము సెకండుకు సుమారు 71,60,000 మార్లు కొట్టుకొనును. మెమరీనుండి 2 బైట్లు తెచ్చుటకు 4 కొట్టుకొనులు పట్టును. కావున ఎంత త్వరపడినను సెకండుకు 36 లక్షల బైట్లయినను రావు. చిత్రమే అందు మూడింట రెండువంతులు మ్రింగివేయును!

జే మైనర్ నాయకత్వమున రూపొందిన మూడు ప్రత్యేక చిప్పులు ఈ చిక్కును విప్పినవి. ‘ఆగ్నస్’ మెమరీని ఎవరెప్పుడు చదువవలెనో వంతులు వేయును. చిత్రఖండములను ఒకచోటినుండి మరొకచోటికి వేగముగా చేర్చును. ‘డెనీస్’ బిట్లను రంగులుగా మార్చును. ‘పౌలా’ నాలుగు నాదములను, ఎడమకు రెండు, కుడికి రెండుగా, ఒక్కమారే పలికించును. ప్రతి అంకెకును 8 బిట్లు, అనగా 256 మెట్లు. ఇవి ప్రాసెసరును పిలువకయే మెమరీని తామే చదువుకొనును. ప్రాసెసరు తన లెక్కలు తాను చేసికొనును.

కమొడోర్ సంస్థ 1994లో దివాలా తీసెను. సూత్రము మాత్రము నిలిచినది. నేటి సెల్‌ఫోనులో చిత్రములకు ఒక భాగము, ధ్వనికి మరొక భాగము వేరుగా ఉన్నవి. వేగముగల పనివాడొక్కడే చాలడు. పనిని తగినట్లు పంచుటయు వేగమే.