పలకవంటి ఫైలు

పూర్వము అక్షరాభ్యాసమైన పిల్లవాని చేతికి ముందుగా పలకా బలపము ఇచ్చెడివారు. కాగితము తరువాతి మాట. పలకపై వ్రాయవచ్చును, చదువవచ్చును, తుడిచి మరల వ్రాయవచ్చును. వ్రాత మాత్రము నిలువదు. కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి పలక యొకటి ఉన్నది. పైథాన్ భాషలో దాని పేరు స్ట్రింగ్‌ఐఓ.

డిస్కుపై పేరుపెట్టి దాచిన సమాచారమును ఫైలు అందుము. కాని ప్రోగ్రాముకు డిస్కుతో నేరుగా పరిచయము లేదు. దానికి తెలిసినవి కొన్ని ఆజ్ఞలే: ఇంత చదువుము, ఇది వ్రాయుము, ఫలానా చోటికి పొమ్ము. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ వ్యవస్థలో టెర్మినలు, ముద్రణయంత్రము, డిస్కుపైని ఫైలు అన్నియు ప్రోగ్రాముకు ఇంచుమించు ఒకే తీరున కనబడును. అట్లయినచో ఈ ఆజ్ఞలను పాటించు మరియొక వస్తువును ఫైలుకు మారుగా ఇచ్చిన ప్రోగ్రాము కాదనునా? అనదు. స్ట్రింగ్‌ఐఓ అట్టి మారువస్తువే. అందలి అక్షరములు డిస్కును తాకక మెమరీలోనే ఉండును.

దీనివలన లాభమేమి? తిరుగుడు డిస్కులో కోరిన చోటు చేరుటకు కొన్ని మిల్లీసెకండ్లు పట్టును. మెమరీలోనైతే సెకండులో సుమారు కోటవ వంతు చాలును. అందుచే దీనిని వేగము కొరకే వాడుదురని కొందరందురు. నాకట్లు తోచదు. ఇటీవల చదివిన ఫైళ్లను ఆపరేటింగు వ్యవస్థయే మెమరీలో ఉంచుకొనును గదా! అసలు లాభము పరీక్షించుటలో ఉన్నది. మార్కుల జాబితాను చదివి మొత్తములు కట్టు ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొనుడు. అది సరిగా కూడుచున్నదో లేదో చూచుటకు డిస్కుపై ఉత్తుత్తి జాబితా సృష్టించి, పిదప చెరిపివేయనక్కరలేదు. మూడు పంక్తులను స్ట్రింగ్‌ఐఓలో పెట్టి అందించిన చాలును. అయితే ఆ ప్రోగ్రాము ఫైలు పేరును గాక, తెరచిన ఫైలునే పుచ్చుకొనునట్లు వ్రాసి ఉండవలెను.

క్రొత్తవారు తికమకపడునది మరియొకచోట. ఈ పలకపై కంటికి కనబడని ముల్లు ఒకటి తిరుగుచుండును. చదువుటయైనను, వ్రాయుటయైనను అది ఉన్నచోటనే. 'రాముడు వచ్చెను' అను మాటలతో పలకను తెరచి, వెంటనే 'సీత' అని వ్రాయుడు. వాక్యము చివర చేరుననుకొందుము. కాని ముల్లు మొదట సున్న వద్ద ఉండును గనుక ఆ మూడు గుర్తులు మొదటి మూడింటిని తుడిచి వాటి స్థానమున కూర్చుండును. తేలునది 'సీతుడు వచ్చెను'!

'రాముడు'లో మూడే అక్షరములు గదా, 'డు' ఎట్లు మిగిలినదని అడుగవచ్చును. యంత్రము గుణింతపు గుర్తులను కూడ వేరువేరుగా లెక్కించును. ర, దీర్ఘము, మ అను మూడును చెరిగి, కొమ్మును 'డు'యును మిగిలినవి. 'తెలుగు' అను మాట ఈ లెక్కలో ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా మార్చిన 18. బైట్లనే దాచు బైట్స్‌ఐఓ అను జంట వస్తువు వేరుగా కలదు. స్ట్రింగ్‌ఐఓకు బైట్లు ఇచ్చిన తప్పని తిరస్కరించును.

ఖాళీ పలకపై వ్రాసిన వెంటనే చదువబోయిన ఏమియు రాదు, ముల్లు చివరికి చేరియుండును గనుక. 'సీక్' ఆజ్ఞతో దానిని సున్నకు త్రిప్పవలెను. 'గెట్‌వాల్యూ' అన్నచో ముల్లు ఎక్కడ ఉన్నను సరే, సమస్తమును ఒక్కసారి అందును.

మూసివేయునంతనే వ్రాసినది పోవును. కరెంటు పోయినను అంతే. కావలసినది ముందే డిస్కుపైకి ఎక్కించుకొనవలెను. వ్రాత మిక్కిలి పెద్దదైనచో మెమరీయే చాలకపోవచ్చును. అట్టి సందర్భములకు పైథాన్‌లోనే స్పూల్డ్ టెంపరరీ ఫైల్ అను మధ్యేమార్గము కలదు: మనము చెప్పిన పరిమితి వరకు అది మెమరీలో ఉండి, దాటగానే తనంతట తాను డిస్కుకు మారును.