వార్తల్లో పదం: మానవతా మినహాయింపు

ఉత్తర కొరియాలో ఒక క్షయ ఆసుపత్రికి బోరు వేయాలంటే స్టీలు గొట్టాలు, పంపు కావాలి. వాటిని ఆ దేశానికి పంపడంపై 2017 డిసెంబరు నుంచి నిషేధం ఉంది. లోహాలు, యంత్రాల ఎగుమతిని ఐరాస భద్రతా మండలి 2397వ తీర్మానం అడ్డుకుంటోంది. గురి అణ్వాయుధాల మీదే అయినా దెబ్బ రోగులకూ తగులుతోంది.

దీనికి విరుగుడే మానవతా మినహాయింపు, అంటే సాయం కోసం పంపే వస్తువులకు నిషేధం నుంచి ఇచ్చే ప్రత్యేక అనుమతి. ఏ వస్తువు, ఎన్ని, ఎవరికి, ఏ దారిన పంపుతున్నదీ సాయం చేసే సంస్థ పూసగుచ్చినట్టు రాసివ్వాలి. దాన్ని తేల్చేది ఉత్తర కొరియా ఆంక్షలను చూసే, మండలికి చెందిన 1718 కమిటీ. అందులో 15 దేశాలుంటాయి. ఒక్కటి కాదన్నా ఫైలు కదలదు. ప్రాణాలు నిలిపే సామగ్రికి ఇంత తతంగం అన్యాయమే.

ఈ తిప్పలు పడేవారిలో క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. 1895లో కొరియాకు వచ్చిన మిషనరీ యూజీన్ బెల్ పేరిట ఆయన మునిమనవడు స్టీఫెన్ లింటన్ నెలకొల్పిన ఫౌండేషన్, మందులకు లొంగని క్షయకు అక్కడ చికిత్స అందించింది. మత ప్రచారం మాత్రం అక్కడ పెద్ద నేరం. అమెరికన్ మిషనరీ కెన్నెత్ బేకు 2013లో 15 ఏళ్ల కఠిన శ్రమ శిక్ష వేశారు. మరుసటి ఏడాది వదిలారు.

అమెరికా కూడా తన పౌరులు అక్కడికి వెళ్లాలంటే ప్రత్యేక పాస్‌పోర్టు ఉండాలని 2017లో షరతు పెట్టింది. 2020 జనవరిలో కోవిడ్ భయంతో ఉత్తర కొరియా సరిహద్దులు మూసేశాక, మినహాయింపు చేతిలో ఉన్నా సరుకు చేర్చడం గగనమైంది. మొండి క్షయకు నెలల తరబడి మందులు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు మరింత మొండికేస్తుంది.