సర్వర్ పోయింది.. పాఠాలు మిగిలాయి

హాఫ్ ఇయర్లీ పరీక్షలకు పది రోజులుంది. సోమవారం పొద్దున ల్యాబ్ తెరిచి సర్వర్ స్విచ్ వేశాను. నల్లటి తెర మీద ఒకే వాక్యం.. బూట్ అయ్యే డిస్క్ ఏదీ దొరకలేదని. డబ్బా లోపల హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ముందొకసారి విన్నవాళ్లకు తెలుసు, అది ఇక లేవదని.

మా సర్వర్ పెద్దదేం కాదు. పాత డెస్క్‌టాప్, 500 జీబీ హార్డ్ డిస్క్. ల్యాబ్‌లోని మిగతా కంప్యూటర్లన్నీ దానిలోని షేర్డ్ ఫోల్డర్‌నే వాడుకుంటాయి. కానీ అందులో పదకొండేళ్ల పని ఉంది. హోసూరు వైపు తెలుగు మీడియం బడుల్లో పనిచేసేవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఊరి బజార్లో తమిళం, ఇంగ్లిష్ గైడ్లు దొరుకుతాయి. తెలుగువి మనమే టైపు చేసుకోవాలి. సైన్స్ ప్రశ్నపత్రాలు, లెక్కల వర్క్‌షీట్లు, ఇప్పుడు అచ్చులో లేని పాత వాచకాల స్కాన్లు, పిల్లలు తమ అవ్వల చేత పాడించి రికార్డు చేసిన పాటలు.. అన్నీ ఆ డబ్బాలోనే.

"ఏం సార్, మళ్లీ లేస్తాదా అది?" అని ఆయమ్మ అడిగింది. "చూద్దాంలే అక్కా" అన్నాను గానీ, నాకూ నమ్మకం లేదు.

మే సెలవుల్లో ఒక మంచిపని చేశాను. క్లోన్‌జిల్లాతో డిస్క్ మొత్తాన్నీ ఇమేజ్‌గా తీసి, బయటి హార్డ్ డిస్క్‌లో దాచాను. తైవాన్‌లోని ఒక ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రం తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సీడీ నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో తనంతట తానే లేస్తుంది. అందుకే విండోస్ చచ్చినా ఇది పనిచేస్తుంది.

ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదా అని తోటి టీచర్లు అడుగుతుంటారు. చాలదు. మా ప్రశ్నపత్రాల్లో చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైళ్లు ఉన్నా చదవలేం. ఇమేజ్ తీస్తే విండోస్, ఫాంట్లు, సెట్టింగులు అన్నీ ఎలా ఉన్నవి అలాగే తిరిగొస్తాయి.

ఇక నేను చేసిన పొరపాటు. కొత్తగా 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. మా ఫైళ్లు 90 జీబీ కూడా లేవు కదా, సరిపోతుందనుకున్నాను. క్లోన్‌జిల్లా ఒప్పుకోలేదు. లోపల ఎంత నిండిందన్నది దానికి లెక్క కాదు, కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నది కాకూడదు. మళ్లీ బస్సెక్కి వెళ్లి, పైన కొంత కట్టి 512 జీబీది తెచ్చాను.

మర్నాడు పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూ తెరిచాను. డెల్, లెనోవో కంప్యూటర్లలో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. ఇమేజ్ ఏ డిస్క్‌లో ఉందో చూపించి, డిస్క్ మొత్తాన్ని తిరిగి నింపే ఎంపిక పట్టాను. అసలు భయం ఇక్కడే. తెర మీద డిస్క్‌లకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లుంటాయి. తారుమారైతే బ్యాకప్ ఉన్న డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని మిగతా డ్రైవ్‌లన్నీ పీకేసి, రెండింటి సైజులూ మోడల్ పేర్లూ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. క్లోన్‌జిల్లా రెండుసార్లు 'సరేనా' అని అడుగుతుంది. రెండోసారి హెచ్‌ఎం గారిని కూడా పిలిచి చూపించాను. ఒక జత కళ్లకన్నా రెండు జతలు నయం.

ముప్పావు గంట పట్టింది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్, పాత వాల్‌పేపర్‌తో సహా లేచింది. పదో తరగతి సైన్స్ పేపర్ తెరిచాను. అక్షరాలు తెలుగులోనే ఉన్నాయి.

అయితే మే తర్వాత చేసిందేదీ రాలేదు. క్వార్టర్లీ మార్కులు రిజిస్టరు చూసి మళ్లీ ఎక్కించాం. రెండు వర్క్‌షీట్లు ఒక టీచరమ్మ పెన్‌డ్రైవ్‌లో దొరికాయి. ఆరో తరగతి పిల్లలు ఆగస్టులో రికార్డు చేసిన నాలుగు పాటలు మాత్రం పోయాయి. పాడిన అవ్వల్లో ఒకరు ఇప్పుడు లేరు.

ఇప్పుడు ప్రతి నెలా చివరి శనివారం ఇమేజ్ తీస్తున్నాం. రెండు డిస్క్‌లు మార్చి మార్చి వాడుతున్నాం. పని అయిన వెంటనే కేబుల్ పీకేస్తాం, వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్క్ కూడా పోతుంది కాబట్టి. ఒకటి బీరువాలో ఉంటుంది, రెండోది మా ఇంట్లో. పెన్‌డ్రైవ్‌కు దారం కట్టి, దాని మీద తెలుగులో 'రెస్క్యూ - చెరపవద్దు' అని రాశాం. ఆ నాలుగు పాటల్లో మిగతా మూడింటి కోసం వచ్చే ఆదివారం పిల్లలతో కలిసి ఊళ్లోకి వెళ్తున్నాం.