నోరా నో కుట్టిన బట్టలు

కొరియా అంటే మన హాస్టల్లో డ్రామాలు, బీటీఎస్, రామెన్. నేను చెప్పబోయేది వీటన్నిటికంటే చాలా ముందు సంగతి. ఆమె పేరు నో మ్యుంగ్ జా. 1928లో సియోల్‌లో పుట్టింది. అప్పటికి కొరియా జపాన్ చేతిలో ఉంది. యుద్ధకాలంలో జపాన్ సైన్యం కొరియా అమ్మాయిల్ని బలవంతంగా ఎత్తుకుపోతుంటే, పెళ్ళైతే వదిలేస్తారన్న ఆశతో చాలా ఇళ్ళల్లో హడావిడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. ఈమెకీ అలాగే టీనేజీలో పెళ్ళైంది. ఆ టీనేజీ దాటకముందే విడాకులూ అయిపోయాయి.

ఆ రోజుల్లో విడాకులు తీసుకున్న అమ్మాయిని సమాజం ఎలా చూస్తుందో మనకి ఎవరూ వివరించక్కర్లేదు. ఆమె మాత్రం 1947లో అమెరికాకి బయల్దేరింది. పోతూ పోతూ 'నోరా' అని పేరు పెట్టుకుంది. ఇబ్సెన్ నాటకంలో చివరికి మొగుడి ఇల్లు వదిలి తలుపేసుకుని వెళ్ళిపోయే నోరా అన్నమాట. ఇంటిపేరు ఎలాగూ 'నో'. (ఇది విని మా రూమ్మేట్ పది నిమిషాలు నవ్వాడు.)

లాస్ ఏంజెలెస్‌లో ఒక ట్రేడ్ స్కూల్లో డిజైన్ నేర్చుకుని 1949లో తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే కొరియా యుద్ధం. అది సద్దుమణిగాక 1956లో సియోల్‌లోని బాండో హోటల్లో ఆమె పెట్టిన ఫ్యాషన్ షోని కొరియాలో మొట్టమొదటిదిగా చెప్తారు.

ఇక్కడ కాస్త మన సబ్జెక్టు. కొరియా ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తులు హన్‌బోక్‌లో కింద వేసుకునే 'చిమా' ఛాతీ దగ్గర బిగించి కట్టే వెడల్పాటి గుడ్డ. చీరలాగే అదీ ఒంటికి చుట్టుకునేదే. పాశ్చాత్య గౌను అలా కాదు. గుడ్డేమో చదును, ఒళ్ళేమో వంపులు. చదునైన కాగితాన్ని బంతికి ముడతల్లేకుండా అంటించలేమని మనం జామెట్రీలో చదువుకున్నదే. దర్జీ ఆ ముడతని ముక్కోణంగా మడిచి లోపల కుట్టేస్తాడు. మన జాకెట్టుకి వేసే డాట్లు అవే. నోరా చేసిన పని ఈ కుట్టుడు లెక్కని కొరియా ఆడవాళ్ళ కొలతలకి సరిపెట్టడం. అమెరికన్ కొలతల్ని దింపేస్తే అక్కడివాళ్ళకి నప్పదు కదా.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది 1960లలో ఆమె రెడీమేడ్ వైపు తిరగడం. కొలతలు తీసుకుని సినిమా తారకి గౌను కుట్టడం ఒక ఎత్తు. ఎన్నడూ చూడని ఆఫీసు ఉద్యోగినికి సరిపోయేలా ముందే కుట్టి పెట్టడం ఇంకో ఎత్తు. ఇక్కడ సైజుల మధ్య ఎంత తేడా ఉంచాలి, ఎక్కడ వదులివ్వాలి అన్నదంతా టాలరెన్స్ లెక్కే. పైగా ధర తగ్గుతుంది. ఉద్యోగానికెళ్ళే అమ్మాయి తన జీతంతో తనే కొనుక్కోగలుగుతుంది.

గాయని యున్ బోక్ హీకి మినీ స్కర్టు వేయించింది కూడా ఈమేనని చెప్తారు. 1967 తర్వాత ఆ మోజు దేశమంతా పాకింది. తమాషా ఏంటంటే, 1970లలో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం మినీ స్కర్టుల మీద చట్టం తెచ్చింది. పోలీసులు రోడ్డు మీద ఆడవాళ్ళని ఆపి మోకాలి పైనుంచి స్కేలు పెట్టి కొలిచేవాళ్ళు. తమాషా అన్నాను గానీ, ఆ స్కేలు పక్కన నిలబడ్డ అమ్మాయికి కాదు.

అదే దశాబ్దంలో నోరా పట్టు దుస్తులు అమెరికాకి ఎగుమతయ్యాయి. 1979లో న్యూయార్క్ మేసీస్ షోకేసుల్లో అవి నిలబడ్డాయి. ఇంత చేసినా కొరియాలోనే కొత్త తరానికి ఆమె పేరు పెద్దగా తెలియదట. 2013లో కిమ్ సంగ్ హీ అనే దర్శకురాలు 'నోరా నో' అనే డాక్యుమెంటరీ తీసింది. అందులో ఎనభై దాటిన నోరా ఇంకా పని చేస్తూనే కనిపిస్తుంది.