చీమలు పట్టకున్నా చక్కెర ఉండొచ్చు

"మూత్రం పోసిన చోట చీమలు పట్టడం లేదు. దాహం లేదు. రాత్రిళ్లు లేవడమూ లేదు. ఇక నాకు షుగరేమిటి?"

పల్లెల్లో రచ్చబండ దగ్గర తరచూ వినిపించే మాటే ఇది. డాక్టరు పరీక్ష చేయించి మాత్రలు రాసిచ్చిన వారు కూడా నెల తిరిగేసరికి ఇదే మాట అని, మాత్రలు గూట్లో పడేస్తుంటారు. ఒంట్లో తేడా తెలియకపోవడమే ఈ జబ్బుతో వచ్చిన పెద్ద చిక్కు.

చీమల లెక్క పూర్తిగా తప్పు కాదు. కాకపోతే అది ఆలస్యంగా అందే కబురు. రక్తంలోని చక్కెరను మూత్రపిండాలు బయటకు పోనివ్వవు, వెనక్కి లాగేస్తాయి. అది సుమారు 180 మిల్లీగ్రాములు దాటాకే వాటి శక్తి చాలక మూత్రంలోకి జారుతుంది. చెరువు నిండేదాకా అలుగు పారనట్టే. జారిన చక్కెర తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. మాటిమాటికీ మూత్రం, ఆపైన దాహం వచ్చేది అందుకే.

పరగడుపున 126 ఉండి, మరోసారి చేసినా అంతే వస్తే అది మధుమేహం కిందే లెక్క. 126కూ 180కీ నడుమ ఉన్న మనిషికి జబ్బు ఉంది, చీమలకు మాత్రం తెలియదు. వయసు మీరితే అలుగు మట్టం ఇంకా పెరుగుతుంది. 200 దాటినా మూత్రంలో చక్కెర కనబడని ముసలివారుంటారు.

అలుగు పారలేదని కట్ట నానకుండా ఉంటుందా? పెరిగిన చక్కెర ఏళ్ల తరబడి సన్నని రక్తనాళాలను, నరాలను తినేస్తుంది. బ్రిటన్‌లో 1977లో మొదలైన ఓ పెద్ద పరిశీలనలో, కొత్తగా షుగరు బయటపడిన 5 వేల మందికి పైగా చేరారు. వారిలో దాదాపు సగం మందికి అప్పటికే ఏదో ఒక అవయవం దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. 1998లో వచ్చిన ఫలితాల్లో ఆశ కలిగించే కబురూ ఉంది. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టిన వారిలో కళ్లు, మూత్రపిండాల వంటి వాటికి జరిగే చెరుపు నాలుగో వంతు తగ్గింది.

పొలం పనివారికి ముందుగా మోసం జరిగేది పాదాల దగ్గర. స్పర్శ పోయిన కాలికి తుమ్మముల్లు దిగినా తెలియదు. చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ గమనించరు. నొప్పి లేదు గనుక పుండును పట్టించుకోరు. అది చీము పట్టి, చివరకు వేలో పాదమో తీసేయాల్సి రావచ్చు. పొద్దుపోయి ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, అరికాళ్లు దీపం వెలుగులో చూసుకోవాలి. వంగలేని పెద్దవారికి ఇంట్లో పిల్లలు చూడాలి. చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోవడం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. షుగరున్న వారిలో కొందరికి గుండెపోటు సైతం నొప్పి లేకుండానే వస్తుంది.

ఇంకో తిరకాసుంది. చాలాకాలం ఎక్కువ చక్కెరకు అలవాటుపడిన ఒంటికి, మాత్రలతో అది మామూలు స్థాయికి దిగితే నీరసం, వణుకు అనిపిస్తాయి. "మాత్ర పడలేదు" అని మానేసేది ఇక్కడే. అలాంటప్పుడు ఊహతో తేల్చుకోకుండా వేలిచుక్క పరీక్ష చేయించుకోవాలి. 70 కంటే తగ్గితే వెంటనే పంచదార నీళ్లు తాగాలి. మామూలుగా ఉంటే కొద్ది వారాల్లో ఒళ్లు సర్దుకుంటుంది.

పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం తగ్గించి, అంకె బాగా వచ్చిందని మురిసేవారూ ఉన్నారు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష దగ్గర ఆ ఎత్తు పారదు. అది గత మూడు నెలల లెక్క చెబుతుంది. చాలామందికి అది 7 లోపు ఉండాలి. బాగా వయసైన వారికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. రక్తహీనత ఉన్నవారిలో ఈ లెక్క తప్పవచ్చు గనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

2017 నుంచి 30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వం తరఫున షుగరు పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్తను అడిగితే వివరం చెబుతారు. పరగడుపు పరీక్షకు 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. తిన్నాక చేసే పరీక్షకు రెండు గంటలు లెక్కపెట్టాల్సింది చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట పెట్టినప్పటి నుంచి.